పూలు పెట్టుకునే మగవాళ్ళ సంత

మా ఆవిడ విజిట్ వీసా మీద సౌదీలోని ఈ ఖమీస్ ముషైత్ వచ్చి మూడు నెలలు కావస్తోంది. ఇన్నాళ్ళూ ఆమె చూసింది రెండు గదులు, కిటికీకి ఎదురుగా పక్క బిల్డింగు గోడ, రాత్రి అలిసిపోయి వచ్చే నేను. వచ్చే వారం ఫ్లైటు. పెట్టె అప్పుడే సర్దేసింది. "ఇగ నేను మల్ల రాను. ఎప్పుడన్న వీలైతే నువ్వే రా," అని కూర కలుపుతూ మామూలుగా చెప్పింది. అరిచి చెప్పి ఉంటే నేను అంత భయపడేవాణ్ణి కాదు.

వచ్చినప్పటినుంచీ ఆమె అడిగింది ఒక్కటే. ఈ కొండల దిగువన, రిజాల్ అల్మా వైపు, మగవాళ్ళు తలకు పూలదండలు చుట్టుకుంటారని ఫోన్‌లో చూసింది. అది కళ్ళారా చూడాలి. అక్కడో ఊళ్ళో శుక్రవారం పొద్దున పూలసంత జరుగుతుందనీ, మధ్యాహ్నం జుమా నమాజు వేళకు ఎత్తేస్తారనీ కనుక్కున్నాను. ఆ మట్టిదారి దిగడం నా చిన్న కారు వల్ల కాదు. మా మేనేజరు గారు, గుంటూరాయన, భార్యతో వెళ్ళడానికి గైడుతో సహా జీపు మాట్లాడుకున్నారని తెలిసి, మేమూ వస్తామన్నాను. అక్కడే ఇరుక్కుపోయాను.

తెల్లవారుతూనే బయల్దేరుదాం అన్న గుంటూరాయన ఎండెక్కాక మేడ దిగాడు. ఆయన వెనక భార్య, ఆమె వెనక పులిహోర గిన్నె, పెరుగన్నం గిన్నె, అరటిపళ్ళు, గ్యాస్ స్టవ్వు, చాప. పెళ్ళికి తరలివెళ్తున్నట్టుంది. గైడు ఆ కొండలవాడే, నాలుగు హిందీ ముక్కలు వచ్చు. సామానంతా బండిలో సర్దాడు.

మొదటి మలుపులో ఫోటోలకు ఆపించారు. రెండో మలుపులో, మొదటి ఫోటోలకు మబ్బు అడ్డొచ్చిందని ఆపించారు.

"సార్, సంత ఎత్తేస్తారు," అన్నాను.

"ఏవయ్యా, సంత ఎక్కడికి పోద్ది? పూలేగా, మీ కరీంనగర్లో లేవా?" అన్నాడు.

నా జీతం పెంచాల్సింది ఆయనే కాబట్టి నవ్వాను. నవ్వి, లోపల పళ్ళు నూరుకున్నాను.

తర్వాత టిఫిన్. లోయ అంచున బండి ఆపేముందే గైడు చెప్పాడు: "బందర్ బహుత్. ఖానా బాహర్ నహీ." కోతులెక్కువ, తిండి బయటికి తీయొద్దని. అది అర్థంకానివాళ్ళు మాలో ఎవరూ లేరు. అయినా మేనేజరు గారి భార్య చాప పరిచింది. పిట్టగోడమీద ఒక పెద్ద మగకోతి, మెడచుట్టూ బూడిదరంగు జూలుతో కూర్చుని ఉంది. ఆవిడ దాన్ని చూడగానే చెప్పులు విడిచి చేతులు జోడించింది. "ఆంజనేయస్వామే ఎదురొచ్చాడండీ," అని పళ్ళెంలో అరటిపండు పెట్టి ముందుకు జరిపింది.

స్వామి పండు తీసుకున్నాడు. ఆ వెనకే స్వామివారి బంధుబలగమంతా దిగింది. చాపమీద పులిహోర అయిపోయింది. తెరిచి ఉన్న జీపు తలుపుల్లోంచి దూరి పెరుగన్నం కూడా కానిచ్చాయి. ఒకటి స్టీరింగు ముందు కూర్చుని, మూతి నాక్కుంటూ, దిగనంటే దిగనంది. గైడు కర్ర తీస్తే ఆవిడ అడ్డంపడింది. "వద్దు బాబూ, కొట్టమాకు, పాపం తగులుద్ది."

"యే క్యా హై, సదీక్?" అన్నాడు గైడు నాతో, ఇదేంటి దోస్తూ అన్నట్టు.

అవి కడుపునిండా తిని, వాటంతట అవి దిగిపోయేదాకా నిలబడ్డాం. ఆపైన సీట్లు కడగడం. మా ఆవిడ కూడా చున్నీ నడుముకు బిగించి కడిగింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది, కోతులమీద కాదు.

ఊరు చేరేసరికి అజాన్ వినిపిస్తోంది. సంత లేదు. రాతిమేడల మధ్య ఖాళీ జాగా, తడినేల, తొక్కుడుపడ్డ బంతిరేకులు. గైడు నమాజుకు వెళ్ళాడు. మేనేజరు సీట్లో కునుకు తీశాడు. మా ఆవిడ దిగి ఒక రేకు ఏరుకుంది.

"గివి మన బతుకమ్మ పువ్వులే," అంది.

"ఆలస్యమైపోయింది," అన్నాను.

"ఊఁ," అంది. నాకు ఇంట్లో సర్దిపెట్టిన పెట్టె గుర్తొచ్చింది.

నమాజయ్యాక మగవాళ్ళు బయటికొచ్చారు. వాళ్ళలో కొందరు ముసలివాళ్ళ తలలచుట్టూ బంతీ, మల్లే, తులసి వాసనేసే ఆకూ కలిపి కట్టిన దండలున్నాయి. ఆమె అడుగు కదపకుండా చూస్తూ నిలబడింది. గైడు ఒక ముసలాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. దారి పొడుగునా కోతుల కథ చెప్పినట్టున్నాడు, ముసలాయన నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. తన తలమీది దండ తీశాడు. పరాయి ఆడమనిషి చేతికి ఇవ్వలేడు కదా, తెచ్చి నా తలకు చుట్టాడు. ఒకరు పెట్టుకున్న పూలు ఇంకొకరు పెట్టుకోవడం మాకు లేదు. కానీ ఆ పెద్దాయనకు వద్దని ఎలా చెప్తాను?

"పెళ్ళికొడుకులా ఉన్నావయ్యా," అన్నాడు మేనేజరు కళ్ళు నులుముకుంటూ.

పైన పూలు, కింద పొద్దుటినుంచీ దిగమింగిన కోపంతో మాడిన నా మొహం. మా ఆవిడకు నవ్వొచ్చింది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు ఈ దేశంలో నేను వినడం అదే మొదలు.

తిరుగుదారిలో మళ్ళీ మలుపు మలుపుకీ ఫోటోలు. నేను విసుగ్గా దండ తీయబోతే, "ఉండనియ్," అని చెయ్యి పట్టుకుంది. ముందు సీట్లకు వినపడకుండా, "వచ్చే ఏడు గీళ్ళతోని వద్దు. మనిద్దరమే పొద్దుగాల వద్దాం," అంది.

నేను ఊఁ కూడా అనలేదు. ఏమన్నా అంటే ఆ మాట వెనక్కి తీసుకుంటుందేమోనని భయమేసింది.