నూట అరవై వోల్టులు

మా ఆయనా, మరిదీ ఆస్తి పంచుకున్నప్పుడు మల్బరీ తోట పంచుకున్నారు, ఆవుల్ని పంచుకున్నారు, చివరికి రోలు ఎవరికని కూడా గొడవపడ్డారు. కరెంటు తీగ సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. రోడ్డు పక్క స్తంభం నుంచి తోటంతా దాటి వచ్చే ఆ ఒక్క సన్నతీగ మీదే మా పట్టుపురుగుల షెడ్డూ, గోడ అవతల వాళ్ల షెడ్డూ నడిచేవి.

మా ఊరు పెనుకొండకు దగ్గర. మా ఆయన ధర్మవరంలో పట్టునూలు మెలిపెట్టే చోట పనిచేస్తూ ఆదివారాలు మాత్రం ఇంటికొచ్చేవాడు. నేను హిందూపురంలో ఒక ప్రైవేటు బడిలో ఫిజిక్స్ చెప్పి, సాయంత్రం బస్సు దిగి నేరుగా షెడ్డులోకి వెళ్లేదాన్ని. అప్పటికే రెండు పంటలు పోయాయి. "ఈ పంట చేతికొస్తే ఆడ పని మానేసి ఇంటికే వచ్చేస్తా" అన్నాడు మా ఆయన. ఆ మాట కోసమే ఆకు కోశాను, ఆ మాట కోసమే పురుగుల కింద చెత్త ఎత్తాను.

అప్పుడు ముసురు పట్టింది. ఎండ లేదు, విడవని చలిగాలి. చలికి పట్టుపురుగు మేత మానేస్తుంది. ఆకు వేసింది వేసినట్టే ఉంది. బొగ్గులన్నీ తడిసిపోయాయి, పచ్చిపొగ పెడితే పురుగు చలికంటే ముందే చస్తుంది. ఇక దిక్కు హీటరు. అదేమో ఎర్రబడటానికే బద్ధకిస్తోంది.

బడిలో అడిగి తెచ్చుకున్న మీటరు పెట్టి చూశాను. నూట అరవై వోల్టులు, ఆరు ఆంపియర్లు. రెండూ గుణిస్తే తొమ్మిది వందల అరవై వాట్లు. హీటరు మీద రెండు వేలని రాసి ఉంది, కానీ అది రెండు వందల ముప్పై వోల్టులు అందినప్పటి మాట. వోల్టేజీ మూడో వంతు తగ్గితే వేడి సగానికి పైగా పడిపోతుందని ఎంతమంది పిల్లల చేత వల్లె వేయించానో! నా షెడ్డులోకి వచ్చేసరికి ఆ సూత్రం మీద నాకు ఒళ్లు మండింది. అయినా ఆ సగం వేడికే పురుగులు కాస్త కదిలాయి. బతికాం అనుకున్నాను.

అంతలో హీటరు మందగించింది. గోడ అవతల మా తోడికోడలు తన హీటరు వేసింది. మీటరు చూస్తే నూట ముప్పై ఎనిమిది, ఆంపియర్లు ఐదుంబావు కూడా లేవు. ఏడు వందల పైచిల్లర వాట్లు. ఆమెకూ అంతే. స్తంభం దగ్గర ఉన్న కాస్త వోల్టేజీలోనూ బోలెడంత ఆ తీగే మింగుతోంది, రెండు హీటర్లు లాగేకొద్దీ ఇంకా ఎక్కువ మింగుతోంది. ఒక్కటే వేస్తే ఒక షెడ్డు గట్టెక్కుతుంది. రెండూ వేస్తే రెండూ పోతాయి. సుద్దముక్కతో తలుపు మీద లెక్క వేశాను. తప్పయితే బాగుండునని చెరిపి మళ్లీ వేశాను. అదే జవాబు.

"మే, నీ హీటరు ఆపు!" అని గోడ మీదుగా అరిచాను.

"నువ్వే ఆపుకో అక్కా! నావి గూటికి పండుకొస్తాండాయి, తలలెత్తి ఊగుతాండాయి. ఇప్పుడు చల్లబడితే గూడే కట్టవు."

చెడామడా తిట్టాను. ఆమె కూడా తగ్గలేదు. కాసేపటికి తలుపు చప్పుడైంది. వానలో తడుస్తూ, ముసుగు కప్పిన తట్ట నెత్తిన పెట్టుకుని ఆమే వచ్చింది. పురుగులు పెంచే మాలో ఒకరి షెడ్డులోకి ఇంకొకరు రారు. రోగం అంటుతుందని సొంత తోడికోడలినైనా గడప బయటే నిలబెడతాం. అలాంటిది ఆమె గడప దగ్గర నిలబడి అడిగింది.

"నావి గూడా నీ షెడ్డులోనే పెడదామక్కా. రెండు హీటర్లూ ఈడనే వేద్దాం. అన్నీ బతుకుతాయి."

నిజమే. లెక్క ప్రకారం అదే దారి. నేనే చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదో నాకే తెలుసు. ఆ పొద్దున ఉబ్బి తెల్లబడిన పురుగుల్ని గుప్పెడు ఏరి బూడిదలో పూడ్చాను. కొన్నే కదా అని మనసుకు సర్దిచెప్పుకుంటూ ఉన్నాను. మా ఆయనకూ చెప్పలేదు.

"తేవద్దు మే" అన్నాను.

"అంత పగనా అక్కా నీకు?"

"పగ కాదు. నా దాంట్లో పాలరోగం ఉండాది."

ఆమె తట్టతో సహా ఒక్క అడుగు వెనక్కి వేసింది. ఆ మాట మాలో ఎవరూ నోటితో ఒప్పుకోరు. తట్ట దించి, ముసుగెత్తి చూసుకుంది. ఆమె తట్టలో పురుగులు పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. నావి ఇంకా మేత మేయాల్సిన వయసువి, అవి మేయడం లేదు.

వెళ్లి నా హీటరు స్విచ్ ఆపేశాను. మీటరు నూట అరవైకి ఎగబాకింది. "పో మే, పో. నీ షెడ్డు వెచ్చబడుతుంది, పో" అన్నాను. ఆమె ఏడుస్తూ పోయింది. నాకు ఏడుపు రాలేదు. దుప్పట్లు, గోనెసంచులు, నా చీరలు కూడా తెచ్చి తట్టల మీద కప్పాను. వెచ్చదనం వాటిలో లేదని నాకు తెలుసు. అయినా కప్పుతూనే ఉన్నాను.

మర్నాడు మా ఆయన ఫోన్ చేశాడు. "ఎట్లుండాయి?"

"పోయినాయి."

"వాళ్లవి?" అన్నాడు.

"గూడు కడతాండాయి."

"పోనీలే. ఆదివారం వచ్చేటప్పుడు మందం తీగ తెస్తా, మళ్లీ పురుగులు దింపుదాం" అన్నాడు.

"తీగ వద్దు, పురుగులూ వద్దు. నువ్వు ఆడ పని మానొద్దు. ఆడనే ఉండు" అన్నాను. ఆ మాట అన్నాక గానీ నాకు ఏడుపు రాలేదు.