మూసిన హోటల్లో వాదన

నారాయణఖేడ్ నుంచి మనూర్ వైపు పోయే సాయంత్రం బస్సు మా ఊరి స్టేజీ దగ్గర ఆగేసరికి, చలికాలంలో, చీకటి పడుతూ ఉంటుంది. ఆ రోజు దిగింది నేనొక్కదాన్నే. బస్సు చప్పుడు దూరమయ్యాక రోడ్డు పక్కనున్న చాయ్ హోటల్లోంచి మగవాళ్ల మాటలు వినిపించాయి. రైతులకిచ్చే పైసల గురించి గట్టిగా వాదించుకుంటున్నారు. ఒకాయన దగ్గి మొదలుపెడుతున్నాడు, ఇంకొకాయన మధ్యలో అడ్డం పడుతున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పత్తి ఏరడం అయిపోయాక సగం ఊరు హైదరాబాద్ పనులకు పోయింది. గిరాకీ లేక హోటల్ కూడా మూతపడింది. పోయినవాళ్లలో ఎవరో తిరిగొచ్చారనుకున్నాను.

తొంగి చూస్తే లోపల బల్ల మీద హోటల్ కాక ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పొయ్యి వెలగడం లేదు, బల్బు వెయ్యలేదు. దగ్గిందీ ఆయనే, అడ్డం పడిందీ ఆయనే.

హోటల్ కాక సంగతి చెప్పాలి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ హోటల్ ఆయనదే. సాయంత్రమైతే చాలు ఊళ్లో మగవాళ్లంతా అక్కడ చేరి ప్రభుత్వాన్ని దించేవాళ్లు, మళ్లీ ఎక్కించేవాళ్లు. బల్లలు గుద్దుకునేవాళ్లు, ముఖాలు చాటేసుకుని పోయి తెల్లారి మళ్లీ వచ్చేవాళ్లు. ఇంత జరిగినా కాక నోటి నుంచి ఒక్క మాట వచ్చేది కాదు. చాయ్ పోసి గ్లాసులు కడుక్కునేవాడు. ఎవరైనా గుచ్చి అడిగితే, "హోటల్ నడిపేటోనికి పార్టీ ఉంటే సగం గిరాకీ అటే పోతది" అనేవాడు. ఆయన ఓటు ఎవరికో కట్టుకున్నామెకు కూడా తెలియకుండానే ఆమె పోయిందని ఊళ్లో నవ్వుకునేవాళ్లు.

అలాంటి మనిషి ఇప్పుడు అందరి మాటలూ మాట్లాడుతున్నాడు. ఎగతాళి లేదు. పగటివేషగాడిలా నవ్వించడానికి చేస్తున్నదీ కాదు. ఒక్కొక్కరి గొంతూ, ఆ గొంతులోని పట్టుదలా ఉన్నదున్నట్టు వస్తున్నాయి. అడ్డం పడేది మేస్త్రీ పనికి హైదరాబాద్ పోయిన మనిషి, కొత్త ప్రభుత్వం పక్షం. దగ్గి మొదలుపెట్టేది మాత్రం పాత ప్రభుత్వం మీద ఈగ వాలనివ్వని పెద్దరైతు. ఆ రైతు వానలు పడకముందే చనిపోయాడు. ఊరంతా పోయి మట్టి వేసి వచ్చింది.

"మొన్న చెప్పినరు గదా, ఈ యాసంగి పంటకు గూడ పైసలు పడ్తయని. పడ్డయా? నీకు పడ్డయా?" అని ఆ రైతు గొంతు అడుగుతోంది. మొన్న చెప్పిన సంగతి మొన్నటిదే. ఆయన పోయిన చాలా నెలల తర్వాతది. వెనక్కి తిరిగి ఇంటికి పోదామనుకున్నాను. అయినా కాళ్లు కదల్లేదు. ఎందుకంటే ఆ తర్వాత వచ్చింది మా తమ్ముడి గొంతు.

"మీ ఇద్దరికి పొలాలున్నయి, పైసలు ఇయ్యాల కాకపోతే రేపు పడ్తయి. నా ముచ్చట చెప్పున్రి. ఆటో నడిపేటోనికి ఎవడిచ్చిండు?"

మాది మేనరికం. నా పుట్టిల్లు, అత్తిల్లు ఒకే ఊళ్లో, రెండు గల్లీల అవతల. తమ్ముడు ఖేడ్–మనూర్ రోడ్డు మీద షేర్ ఆటో నడిపేవాడు. నేను ఖేడ్‌లో ఒక ప్రైవేటు బడిలో పంతులమ్మను. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయిన కొత్తలో మా ఇంట్లో పండగైతే వాడింట్లో దిగులు. ఆడవాళ్లంతా బస్సెక్కడంతో వాడి ఆటోలో కూర్చునేవాళ్లు కరువయ్యారు. ఒకనాడు ఈ హోటల్ ముందే నాకూ వాడికీ మాటలు పెరిగాయి. నాకు నోరెక్కువని మా అమ్మ అనేది. ఉన్న నోరు దాచిపెట్టుకుని ఏం చేసుకోను, అనేదాన్ని నేను.

"నీ ఆటో నడవాలని ఊళ్లె ఆడోళ్లంత ఇంట్ల కూసోవాల్నా?" అన్నాను.

"కూసోమన్ననా అక్కా? నేనేం చేసి బతకాల్నో చెప్పుమంటున్న."

"నన్నెందుకడుగుతవ్? పోయి గవర్నమెంటును అడుగు."

తెల్లారి నేనెక్కిన బస్సు వెనకే వాడు ఖాళీ ఆటో నడుపుకుంటూ ఖేడ్ దాకా వచ్చాడు. బస్సు ఆగిన ప్రతి చోటా ఆగాడు. నేను వెనక కిటికీలోంచి చూస్తున్నానని వాడికి తెలుసు. హారన్ కొట్టలేదు, పక్కకు తప్పుకోలేదు. ఆ వారంలోనే ఆటో తీసుకుని హైదరాబాద్ పోయాడు. నేను ఫోన్ చేస్తే ఎత్తడం మానేశాడు. రాఖీకి కూడా రాలేదు. బస్సు మంచిదని ఇప్పటికీ అంటాను, ఎవరొచ్చి అడిగినా అంటాను. కానీ వాడు నాతో మాట్లాడకపోతే నాకు అన్నం సయించేది కాదు. వాడు మళ్లీ నన్ను ఎదిరించి ఒక్క మాటంటే చాలని ఉండేది.

అందుకే ఆ చీకట్లో హోటల్ గడప మీద నిలబడి, ఎవరితో మాట్లాడుతున్నానో తెలిసే, జవాబు చెప్పాను. "ఆటోలోళ్లకు ఇయ్యొద్దని నేనన్ననా?" అన్నాను.

కాక నా వైపు తల తిప్పలేదు. "అనకపోతివి. ఇయ్యాలని గూడ అనకపోతివి అక్కా" అంది మా తమ్ముడి గొంతు.

ఆ రోజు నుంచి రోజూ బస్సు దిగి కొంతసేపు అక్కడ ఆగేదాన్ని. ఇంట్లో ఆయన ఆలస్యమెందుకని అడిగితే బస్సు మీద నెట్టేదాన్ని. ఫ్రీ బస్సు ఎన్ని నిందలు మోస్తోందో, ఇదొకటి ఎక్కువ. కాక పక్కనున్న బల్ల మీద కూర్చుని చనిపోయిన రైతు మాట వినేదాన్ని, మేస్త్రీ మాట వినేదాన్ని, తమ్ముడి వంతు వచ్చేదాకా ఓపిక పట్టేదాన్ని. రేషన్ కార్డులనీ, సన్న బియ్యమనీ, కొత్తగా ఏది వచ్చినా దాని మీద తమ్ముడు ఏమనాలో అదే అనేవాడు. నేనూ తగ్గేదాన్ని కాదు. భయం పోయిందని చెప్పను. కాక కళ్లు ఆ సమయంలో ఎక్కడా నిలిచేవి కావు, అందుకని నేను ఆయన ముఖం వైపు చూసేదాన్ని కాదు.

ఒక సాయంత్రం డీజిల్ ధర మీద మాట నడుస్తుండగా తమ్ముడి గొంతు తాపీగా, "డీజిల్‌తోని నాకేం పని ఇగ? ఆటో అమ్మేసిన" అంది.

నేను లేచి నిలబడ్డాను. "ఎప్పుడు?" అన్నాను. అప్పటికే మేస్త్రీ మాట్లాడుతున్నాడు.

నేరుగా పుట్టింటికి పోయాను. మా మరదలు పిల్లల్ని పెట్టుకుని అక్కడే ఉంటోంది. పగలు కూలికి పోయి, పొద్దుగూకాక బర్రెకు గడ్డిమోపు ఎత్తుకుని వస్తుంది. ఆటో అమ్మేశాడటగదా అని అడిగితే చేతిలో చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"నీకెవలు చెప్పిన్రు వదినా? పొద్దుగాలనే ఫోన్ల చెప్పిండు. హైదరాబాద్లనే అమ్మిండట. నేనింక ఎవ్వలకు చెప్పలె, అత్తమ్మకు గూడ చెప్పలె."

మర్నాడు హోటల్లో అడుగుపెట్టగానే కాకను నిలదీశాను. ఇంకా ఎవరి గొంతూ మొదలుపెట్టలేదు.

"ఆటో సంగతి నీకెట్ల తెల్సు కాకా? ఫోన్ చేసిండా నీకు?"

"నాకేం తెల్సు బిడ్డా" అన్నాడు తన సొంత గొంతుతో. అది చాలా సన్నగా ఉంది. "వానితోని మాట్లాడుకుంట పోతే మాట ఆడికే వోయింది."

"సరే, నీ మాటేందో చెప్పు. ఇన్నేండ్లాయె. బస్సు మంచిదా, చెడ్డదా? నువ్వేమంటవు?"

కాక నోరు తెరిచాడు. చెప్పాలని ఉన్నట్టే కనిపించింది. పెదవులు కదిలాయి. చాలాసేపటికి ఆ నోట్లోంచి చనిపోయిన రైతు దగ్గు వచ్చింది. నేను సంచి తీసుకుని ఇంటికి వచ్చేశాను.

సర్పంచ్ ఎన్నికలకు పోటీదార్లు బండ్లు పెట్టి పోయినవాళ్లందరినీ ఊరికి రప్పించారు. ఒక్క పూటలో ఊరు నిండిపోయింది. హోటల్లో పొయ్యి రాజుకుంది, బల్లలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డారు. మేస్త్రీ తన సొంత నోటితో కొట్లాడుతున్నాడు. కాక ఎప్పటిలాగే తల వంచి చాయ్ పోస్తున్నాడు, ఒక్క మాట లేదు. తమ్ముడు వచ్చాడని తెలిసి నేను ఆడా మగా చూడకుండా పోయి వాడి ఎదురుగా కూర్చున్నాను. చెప్పాల్సినవన్నీ సిద్ధం చేసుకునే పోయాను. వాడు తిడితే బాగుండునని కూడా అనుకుంటూ పోయాను.

"బాగున్నవా అక్కా?" అన్నాడు నవ్వి. చిక్కిపోయాడు. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేస్తున్నాడట.

"నా సంగతి సరే. బస్సు ముచ్చట ఏమంటవు ఇప్పుడు?"

"మంచిదే గదక్కా. ఆడోళ్లకు సౌలత్ అయింది."

"మరి ఆటోలోళ్లు?"

"ఏదో ఒక పని చూస్కుంటరు. ఎవలు మాత్రం ఏం జేస్తరు?"

ఎవరికి ఓటేస్తున్నావని అడిగాను. అందరూ మంచోళ్లే అన్నాడు. పోయినసారి జెండా కట్టుకుని తిరిగినవాడు అన్న మాట అది. పక్కన మేస్త్రీ రెచ్చగొట్టినా అవునన్నా అవునన్నా అని ఊరుకున్నాడు.

"తిట్టురా నన్ను. మనసులున్నది అను" అన్నాను.

"ఎందుకక్కా తిట్టుడు? గేటు కాడ అన్ని పార్టీలోళ్లుంటరు. ఎవలేమన్న అవును సార్ అనుడే. గదే అలవాటైంది, పరేషాన్ లేదు." నా చెయ్యి పట్టుకుని నొక్కాడు. "నువ్వన్నదే నిజం తియ్యి."

గెలిచాను. అంత చెడ్డ గెలుపు పగవాళ్లకు కూడా వద్దు. ఓటేసిన సాయంత్రమే, తెచ్చిన బండిలోనే వాడు వెళ్లిపోయాడు. మరదలు రోడ్డు దాకా వచ్చి, బండి కనుమరుగయ్యాక కూడా అక్కడే నిలబడింది.

మళ్లీ ఊరు ఖాళీ అయింది. బస్సు దిగేసరికి మూసిన హోటల్లోంచి మాటలు వినిపిస్తున్నాయి. పోయి నా బల్ల మీద కూర్చున్నాను. రైతు మాట్లాడాడు, మేస్త్రీ మాట్లాడాడు. తమ్ముడి వంతు వచ్చింది. కాక ఆగిపోయాడు. ఒక మనిషి నాలుగు మాటలు చెప్పేంత సేపు ఆ చీకట్లో ఏమీ లేదు. ఆ తర్వాత మేస్త్రీ గొంతు, "నువ్వన్నది గూడ కరెక్టే తమ్మీ" అని, వినబడని మాటకు జవాబు చెప్పింది. ఇంకో చుట్టు తిరిగింది. మళ్లీ అదే చోట అదే ఖాళీ. నేను ముందుకు వంగి చెవి పెట్టి విన్నాను. కాక ఊపిరి తప్ప ఏమీ లేదు.

నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది. మూడోసారి వాడి వంతు వచ్చినప్పుడు అరచేత్తో బల్ల గుద్దాను, వాడు గుద్దినట్టే.

"బస్సులు పెట్టేటప్పుడు ఆటోలోళ్లను ఒక్కనాడన్న పిలిచి అడిగిన్రా?" అన్నాను. "గేటు కాడ నిలవడి సలాం కొట్టుడేనా మాకిచ్చే పని? మేము మనుషులం కాదా?"

గొంతు దానంతటదే బరువెక్కింది. మాటకు ముందు నాలుక చప్పరించడం, చివర్లో సాగదియ్యడం, అన్నీ వాడివే. వాడితో పాటే పెరిగిన నోరు నాది. పక్క బల్ల మీది కాక నోట్లోంచి ఒక ఆడగొంతు జవాబు చెప్పింది. బడిలో పిల్లల్ని గద్దించి గద్దించి పదునెక్కిన గొంతు. అది నాదని తెలుసుకోవడానికి కొంచెం సేపు పట్టింది. అయినా ఆగలేకపోయాను. నా మీద నేనే మాటకు మాట విసిరాను. వాడు గేటు దగ్గర మింగేసినవన్నీ నా నోట్లోంచి వస్తున్నాయి.

బయట రోడ్డు మీద అడుగులు ఆగాయి.

"ఏమయ్యా, నువ్వేనా? మళ్లెప్పుడొచ్చినవ్? ఫోనన్న చెయ్యకపోతివి."

మా మరదలు. గడ్డిమోపు కింద పడిన చప్పుడైంది. చెప్పులు టపటపలాడిస్తూ పరుగున వచ్చింది. నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను. కాక కూడా ఆగిపోయాడు. గడప దగ్గర నిలబడి ఆమె ముందు నన్ను చూసింది, తర్వాత కాకను చూసింది, తర్వాత మా వెనకాల ఉన్న ఖాళీ బల్లలను ఒక్కొక్కటీ చూసింది. ఆమె ముఖం మీద సంతోషం ఇంకా పోలేదు.

"ఏడి వదినా?" అంది.