మేస్త్రన్న వరండా

ఆ రోజుల్లో ఈ లోకంలో కొలత టేపుకు అందని కష్టం లేదని గట్టిగా నమ్మేదాన్ని. ఫిజియోథెరపీ చదువు అప్పుడే ముగిసింది. మొయినాబాద్‌లో ఒక చిన్న పునరావాస కేంద్రంలో మొదటి ఉద్యోగం. చేరిన నెలకే, చక్రాల కుర్చీని మనిషికి తగ్గట్టు సరిచేయడం నేర్పే రెండు వారాల శిక్షణలో కూర్చోబెట్టారు. అంతకుముందు నా దృష్టిలో చక్రాల కుర్చీ అంటే దవాఖాన గుమ్మంలో ఉండేది, అందులో ఎవరైనా కూర్చోవచ్చు. నేర్పే పెద్దాయన మొదటిరోజే మా అందరినీ తలా ఒక కుర్చీలో రెండు గంటలు కదలకుండా కూర్చోబెట్టి ఆ భ్రమ వదిలించారు. మాట్లాడుతున్నంతసేపూ టేపు లాగి వదులుతుండేవారు కాబట్టి ఆయనకు టేప్ సార్ అని పేరు పెట్టుకున్నాం. "ముందు మంచం మీద పడుకోబెట్టి చూడండి, తర్వాతే కుర్చీలో" అని రోజుకు పదిసార్లు చెప్పేవారు. (పదిసార్లు చెప్పారు కాబట్టే నేను వినలేదనుకుంటాను.)

ఒక్కొక్కరికీ ఒక మనిషిని అప్పగించారు. చివరి శనివారం వాళ్లు కేంద్రానికి వచ్చి, మేం సరిచేసిన కుర్చీలో చేతులు వదిలేసి నిటారుగా కూర్చోవాలి, అప్పుడే మాకు సర్టిఫికెట్. నా వంతుకు వచ్చింది చేవెళ్ల పక్క పల్లెలోని ఒక తాపీ మేస్త్రి. ఊరంతా మేస్త్రన్న అంటారు, నేనూ అన్నా అనే పిలిచాను. ఏడాదిన్నర కిందట, కడుతున్న ఇంటి మీది నుంచి పడి ఆయనకు నడుము కింది భాగం చచ్చుబడింది. ఎవరో దానంగా ఇచ్చిన కుర్చీలో, చేతులు ఆనించకపోతే పక్కకు ఒరిగిపోయేవాడు. పాత కాంట్రాక్టరు కనకమామిడిలో ఫామ్‌హౌస్ కట్టిస్తూ, సోమవారం వచ్చి రోజంతా కూర్చుని పని చూడగలిగితే ఇకమీదట నువ్వే చూసుకో అని కబురు పెట్టాడట. "పొద్దుమీకేదాంక గూసుంటే పని నాది డాక్టరమ్మా. నడిమిట్ల ఒరిగిన్ననుకో, మల్ల పిలువరు" అన్నాడు. సర్టిఫికెట్ సంగతి ఎలా ఉన్నా, ఈయన్ని కూర్చోబెట్టకుండా వదిలేది లేదని అప్పుడే తీర్మానించుకున్నాను.

వరుసగా మూడు రోజులు, నేనుండే శంకర్‌పల్లి నుంచి బస్సెక్కి వెళ్లాను. వెలుతురు బాగుంటుందని వరండాలో కుర్చీని, వాకిలి ఆయనకు ఎడమపక్కకు వచ్చేలా అడ్డంగా పెట్టేదాన్ని. పక్కనే ఉన్న నులక మంచాన్ని చూసి, ఇంత గుంతపడ్డ దాని మీద ఏం తెలుస్తుందిలే అని టేప్ సార్ మొదటి పాఠానికి అక్కడే నీళ్లొదిలాను. బొటనవేళ్లతో రెండు తుంటి ఎముకలూ పట్టి చూస్తే ఎడమది కిందికి ఉంది. మర్నాడూ అంతే, మూడోనాడూ అంతే. కనిపెట్టిన జబ్బు రోజూ ఒకేలా కనిపిస్తుంటే కొత్త ఉద్యోగికి అంతకన్నా పండగేముంటుంది? "అన్నా, మీ నడుము ఎడమకు వంగిపోయింది" అని తీర్పు చెప్పేశాను. ఆయన ముఖం చిన్నబోయింది. "పడ్డప్పుడే అనుకున్న. ఇగ నాతోని పనెట్లయితది" అన్నాడు. ఆ పూట మళ్లీ సోమవారం మాట ఎత్తలేదు. ఆయన భార్య, అంటే నాకు వదిన, లోపలి నుంచి "జర మంచిగ జూడమ్మా" అంది. చూశాను వదినా, మూడుసార్లు చూశాను అని, ఎడమ పిర్ర కింద ఏటవాలుగా కోసిన స్పాంజి ముక్క పెట్టి, పక్కన ఆసరా బిగించాను. మనిషి ఇటుక పేర్చినట్టు నిటారుగా కూర్చున్నాడు. నా అంతటిది లేదనుకున్నాను.

శనివారం అందరి ముందూ, మొయినాబాద్‌లో మా హాల్లో ఆయన్ని చేతులు వదలమన్నాను. వదిలాడు. మెల్లగా కుడివైపుకు ఒరగడం మొదలుపెట్టాడు. టేప్ సార్ టేపు లాగి వదిలి, "ఎడమకని రాశావు కదమ్మా" అన్నారు. ఆటో కుదుపుల వల్ల సార్ అని ఏదో గొణిగాను. (అలాంటి జబ్బు ఏ పుస్తకంలోనూ లేదు.) మేస్త్రన్న మాత్రం నేలకేసి చూస్తున్నాడు. కుర్చీ వెనక సంచిలో ఎప్పుడూ ఉండే రసమట్టాన్ని, అంటే మేస్త్రీలు బుడగ చూసి మట్టం తేల్చుకునే ఆ కర్రను, వదిన చేత తీయించి నేల మీద పెట్టించాడు. బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. కాసేపటికి ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను, నవ్వుతున్నాడు. "ఈ నేల మట్టంగున్నది డాక్టరమ్మా. మా వరండ గట్ల గాదు. వాన నీళ్లు నిలవద్దని వాకిట్లకు వాటం పెట్టిన, నేనే పెట్టిన. ఒరిగింది నా నడుము గాదు, నా వరండ."

"నువ్వు కట్టిందే నీకు యాదికి రాలేదా?" అంది వదిన. "డాక్టరు చెప్తే నిజమే అనుకున్న" అన్నాడాయన. హాలంతా నవ్వింది కానీ ఆ మాట నాకు గుచ్చుకుంది. టైల్స్ వేసిన ఫ్లాట్లో పెరిగిన నాకు నేల కూడా వాలుగా ఉంటుందన్న ఊహే లేదు. నా ఊహలో లేనిదాన్ని తీసుకెళ్లి ఆయన ఒంట్లో పెట్టాను. ఎడమపక్క ఎత్తి ఆయన్ని కుడికి తోస్తున్న స్పాంజిని టేప్ సార్ లాగేసి, "సర్టిఫికెట్ సంగతి సోమవారం సాయంత్రం చూద్దాం" అన్నారు.

ఆదివారం వాళ్లు చర్చి నుంచి వచ్చేసరికి నేను గుమ్మంలో ఉన్నాను. మంచం మీద చెక్క పరిపించి, దాని మీద బొంత వేయించి, ఆయన చేతే రసమట్టం పెట్టించి, అప్పుడు పడుకోబెట్టి చూశాను. రెండు తుంటి ఎముకలూ సమానంగా ఉన్నాయి. అసలు తప్పు కుర్చీది. వీపు బట్ట సాగి సంచిలా వేలాడుతోంది, పాదాల పలక మరీ కిందికి ఉంది. అందుకే ముందుకు జారి, అటో ఇటో ఒరిగేవాడు. బట్ట బిగించాను, పలక రెండు వేళ్లు పైకి లేపాను, విప్పాను, మళ్లీ బిగించాను. వదిన బలవంతాన రెండు ముద్దలు తిని మళ్లీ స్పానర్ పట్టాను. చివరికి గది లోపల, బుడగ మధ్యకొచ్చే చోట కుర్చీ పెట్టి, చేతులు వదలమన్నాను. ఆయన భుజం మీది తువ్వాలు తీసి, రెండు చేతులా దులిపి, తలకు చుట్టుకున్నాడు. పడ్డాక తలరుమాలు తానే చుట్టుకోవడం ఇదే మొదటిసారని వదిన చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. స్క్రూ పడిపోయినట్టు కిందికి వంగి వెతికాను.

సోమవారం కనకమామిడిలో నేను సెలవు పెట్టి మరీ కాపలా కాశాను. ఒత్తుకుని పుండ్లు పడకుండా అరగంటకోసారి చేతుల మీద ఒళ్లు లేపమని గుర్తుచేస్తుంటే, పనివాళ్ల ముందు ఆయనకు సిగ్గేసి, "నువ్వు జర గూసో డాక్టరమ్మా, నిన్ను జూస్తెనే నాకు ఆయాసమొస్తున్నది" అన్నాడు. సాయంత్రం దాకా ఒరగలేదు. పోయే ముందు కొత్త వరండాలో రసమట్టం పెట్టించి, "వాటమేది? వాననీళ్లు ఎట్ల పోతయి?" అని పనివాళ్లను నిలదీశాడు. రేపు పొద్దున్నే మళ్లీ వేయాలన్నాడు. నా వంక చూసి, "గీ ఇంట్ల ఎవరికన్న కొలతలు దీసేదుంటే మాత్రం లోపల దీయుండ్రి" అన్నాడు. పని చూడ్డానికొచ్చిన కాంట్రాక్టరు కూడా నవ్వాడు. ఆ నవ్వులోనే, రేపు పొద్దున ఎనిమిదింటికల్లా రమ్మన్నాడు.

ఇప్పుడు శిక్షణ ఇచ్చేది నేను. మేస్త్రన్న ఇచ్చిన ఆ పాత రసమట్టం నా సంచిలోనే ఉంటుంది. మనిషిని ముట్టుకునే ముందు దాన్ని నేల మీద పెడితే, కొత్త పిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు. ముందు మంచం మీద, తర్వాతే కుర్చీలో అని నేనూ రోజుకు పదిసార్లు చెబుతాను. మొన్న ముందు వరుసలో ఒకమ్మాయి, మెడలో టేపు వేసుకుని, పదోసారికి ఆవలించింది. కోపం రావాల్సింది, రాలేదు. అంత పట్టుదలగా, అంత నమ్మకంగా, ఒక్కసారైనా కాళ్ల కింద చూసుకోకుండా శంకర్‌పల్లిలో బస్సెక్కిన అప్పటి ఆ పిల్లంటే నాకిప్పటికీ ముద్దే. రేపు ఈ అమ్మాయిని కొలతలు తీయడానికి మేస్త్రన్న వాళ్ల ఊరికి పంపిస్తున్నాను.