మూడు పద్ధతులూ ఒప్పుకున్న జాతకం

వీధిలో అందరూ ఆయన్ని అద్దాలాయన అంటారు. కళ్ళజోళ్ళ కొట్టు ఆయనది. వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, ఒక్కో అద్దం మారుస్తూ "ఇది బాగుందా, ముందుదా?" అని అడగడం ఆయన పని. జ్యోతిషం ఆయన పిచ్చి. ఒక్క పద్ధతి నేర్చేసరికే చాలామందికి తల నెరుస్తుంది. ఈయన మూడింటిని నెత్తికెత్తుకున్నాడు. పరాశర పద్ధతిలో గ్రహాల దశలు చూస్తాడు, జైమిని పద్ధతిలో రాశుల దశలు చూస్తాడు. కేపీ పద్ధతిలోనైతే ఒక్కో నక్షత్రాన్ని ముక్కలు చేసి, ఏ ముక్క ఏ గ్రహం చేతిలో ఉందో ఆరా తీస్తాడు. ఆ మూడూ తగువులాడుకుంటుంటే మధ్యవర్తిలా కూర్చోవడం ఆయనకు మహా సరదా.

భార్య కడుపులో గడ్డ ఉంది, వెంటనే ఆపరేషన్ చేయాలి అని డాక్టరు చెప్పిన రోజున ఆ సరదా కాస్తా దిగిపోయింది.

కొట్టు షట్టరు సగం దించి ఆమె జాతకం ముందేసుకున్నాడు. పరాశరం ప్రకారం నడుస్తున్నది మారక దశ, అంటే ప్రాణం మీదికి తెచ్చేది. జైమిని చూశాడు. మధ్యాయువు, అంటే నడివయసుతోనే సరి, అంది. ఆమెది సరిగ్గా ఆ వయసే. కేపీ ఒక్కటే దయతలచి గండం గట్టెక్కుతుందంది. రెండు చంపుతుంటే ఒకటి బతికిస్తే ఏం ధైర్యం? "మంచి రోజు చూస్తున్నా, కాస్త ఆగుదాం" అని భార్యకు అబద్ధం చెప్పాడు. ఆగుతున్నకొద్దీ ఆమెకు నొప్పి ఎక్కువైంది. వంటింటి గట్టు పట్టుకుని వంగి నిలబడేది. ఆయన చూసీ చూడనట్టు కొట్టుకు వెళ్ళిపోయేవాడు. అంత పిరికితనం ఎవరికీ చెప్పుకోగలిగేది కాదు.

చివరికి ఒకరోజు మళ్ళీ షట్టరు సగం దించి అత్తగారికి ఫోన్ చేశాడు.

"అత్తయ్యా, మీ అమ్మాయి పుట్టిన టైము కరెక్టేనా?"

"ఏం కరెక్టు నాయనా! ఆ నొప్పుల్లో నేను గడియారం చూశానా? నర్సమ్మ ఏదో చెప్పింది, అదే అనుకున్నాం. అటూ ఇటూ ఉంటుందిలే. అయినా ఎందుకడుగుతున్నావు? దానికేమైనా అయిందా?"

ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆ అటూ ఇటూ ఆయనకు చాలు. పుట్టిన కాలం సవరించడం జ్యోతిషులు చేసేదే. జరిగిపోయిన సంగతులకు జాతకం సరిపోయేదాకా నిమిషాలు జరుపుతారు. ఈయన మాత్రం జరగబోయేదాని కోసం జరపడం మొదలుపెట్టాడు. కాస్త ముందుకు జరిపితే లగ్నం పక్క రాశిలో పడి పరాశరం మెత్తబడింది. ఇంకాస్త జరిపితే జైమిని పూర్ణాయువు ఇచ్చింది గానీ, కేపీ అడ్డం తిరిగింది. బతిమాలుతున్నట్టు మళ్ళీ జరిపాడు. ఎట్టకేలకు మూడూ ఒక్క మాట మీదికి వచ్చాయి: నిండు నూరేళ్ళు. ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు.

అలవాటు కొద్దీ ఆ కొత్త జాతకంలో మిగతా ఇళ్ళూ చూశాడు. చూడకపోయినా బాగుండేది. ఐదో ఇంట సంతానం లేదు. ఏ పద్ధతిలో చూసినా లేదు. ఏడో ఇంట అసలు పెళ్ళే లేదు.

"నాన్నా, ఆకలేస్తోంది."

స్కూలు నుంచి వచ్చిన కూతురు షట్టరు కింద నుంచి వంగి లోపలికి వచ్చింది. పిల్లను దగ్గరికి లాక్కుని, ఉందో లేదో చూసుకుంటున్నట్టు భుజాలు తడిమాడు. పిల్ల హడలిపోయింది.

ఇంటికి వెళ్ళి భార్య ముందు కూలబడి దాచినదంతా కక్కేశాడు. ఆమె మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని వింది.

"అంటే, పెళ్ళీ పిల్లా లేని ఆవిడెవరో నూరేళ్ళు బతుకుతుందన్నమాట."

ఆయన అవునన్నట్టు తలూపాడు.

"బతకనివ్వండి పాపం. ఆవిడ కోసమా నన్నిన్నాళ్ళు నొప్పితో కూర్చోబెట్టారు? ఇన్ని చూశారు కదా, నాకెలా ఉందో ఒక్కసారైనా అడిగారా?"

"భయంగా ఉందా?" అన్నాడు, ఎంతో ఆలస్యంగా.

"చచ్చేంత. ఆటో పిలవండి."

పిల్లను పక్కింట్లో అప్పగించి ఆటో పిలిచాడు. అప్పుడు రాహుకాలం నడుస్తోందని ఆయనకు తెలుసు. ఇన్నేళ్ళు ఆయనతో కాపురం చేసిన ఆమెకూ తెలుసు. ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు.