సంచికి కుట్టిన పూల తొడుగు

మూత్రం ఆగిపోయిన రోజు మా బాపు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నుంచీ పొత్తికడుపు పట్టుకుని ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ అజీర్తి అన్నాడు. అమ్మ వాము నీళ్లు కాచి ఇచ్చింది. మధ్యాహ్నానికి చెమటలు పట్టి గోడకు చేరగిలబడ్డాక, నేను పాఠాలు చెప్పే బడి నుంచి నన్ను పిలిపించారు. దవాఖానకు పోయేటప్పుడు కూడా ఆయన నాకు చెప్పలేదు. ఆటో నడిపే అతని చెవిలో చెప్పాడు. అతను నాకు చెప్పాడు.

బాపు బొగ్గు గనిలో పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని చేసి రిటైరయ్యాడు. కడ్డీతో కప్పును తట్టి, ఆ చప్పుడును బట్టి కింద మనుషులు నిలబడవచ్చో లేదో చెప్పేవాడు. భూమి లోపల అంతకాలం ధైర్యంగా బతికిన మనిషికి, కూతురి ముందు ఆ ఒక్క మాట అనడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

ప్రోస్టేట్ గ్రంథి వాచి దారి మూసుకుపోయిందన్నారు. గొట్టం వేసి, దానికి సంచి తగిలించారు. మాత్రలు పనిచేశాక, వారానికి వస్తే గొట్టం తీసి చూస్తామన్నారు. నర్సు మమ్మల్ని కూర్చోబెట్టి ఓపికగా చెప్పింది. సంచి ఎప్పుడూ నడుముకు కిందనే ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడగాలి. నీళ్లు బాగా తాగించాలి. చలిజ్వరం వచ్చినా, మనిషి తికమకగా మాట్లాడినా వెంటనే తీసుకురావాలి. మేమంతా తలలూపాం. మా ఇంట్లో తలూపడం అంటే విన్నామని అర్థం, అంతకు మించి ఏమీ లేదు.

బొగ్గుబావుల ఊళ్లలో ఒకరు మంచం పట్టారంటే, ఆయనతో షిఫ్టులు చేసిన వాళ్లంతా అరటిపళ్లు పట్టుకుని వస్తారు. మంచం చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. పట్టెకు వేలాడే ఆ సంచి సరిగ్గా వాళ్ల మోకాళ్లకు ఎదురుగా ఉండేది. బాపుకు ప్రాణం చచ్చిపోయేది. ఆయన అవస్థ చూడలేక అమ్మ, పరదాలు కుట్టగా మిగిలిన పూల గుడ్డతో సంచికి తొడుగు కుట్టింది, మూతికి నాడా కూడా పెట్టి. అది ఎంత బాగా కుదిరిందంటే, పక్కింటావిడ ఎక్కడ కొన్నారని అడిగింది.

అయినా బాపుకు మనసొప్పలేదు. గేటు చప్పుడైతే చాలు, సంచి పైకి పెట్టమని సైగ చేసేవాడు. దాన్ని ఎత్తి ఆయన పక్కన పడుకోబెట్టి దుప్పటి కప్పేవాళ్లం. సంచి పైకెక్కితే అందులోది వెనక్కి లోపలికి పోతుందని మాకు తెలుసు. కానీ మర్యాద సంగతి మాకు ఇంకా బాగా తెలుసు. తాగితే సంచి నిండుతుందని ఆయన నీళ్లు తగ్గించాడు. గొట్టం తీయించుకునే రోజు వస్తే, వచ్చే వారం చూద్దామన్నాడు. లేవకుండానే పని జరిగిపోవడం ఆయనకు అలవాటైపోయింది. అమ్మకూ నిద్ర సుఖంగా పడుతోంది. మేము పట్టుబట్టలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం శ్రీరాంపూర్ నుంచి మా మేనమామ వచ్చాడు. ఆయన ఉద్యోగమంతా ఆఫీసులో, ఫ్యాను కింద గడిచింది. అయినా చుట్టాల్లో గని లోపలి కబుర్లన్నీ ఆయనే చెప్పేవాడు. అలాంటిదే ఒకటి చెబుతుండగా, రెండు రోజులుగా మందకొడిగా ఉన్న బాపు లేచి కూర్చుని స్లాబు వైపు చూశాడు.

"జల్ది లేవున్రి. కప్పు పలుకుతాంది," అన్నాడు. కూలబోయే ముందు పైకప్పు చేసే చప్పుడుకు గనిలో వాళ్లు అనే మాట అది.

మేనమామ నవ్వి, ఇది గని కాదు, నీ ఇల్లు బావా అన్నాడు. బాపు చేతికర్రతో గోడను తట్టి, చెవి ఆనించి విన్నాడు. "ఈ చప్పుడు నాకెరుకే. బయటికి నడువున్రి."

ఆ గొంతులో ఏముందో గానీ, అందరికంటే ముందు వాకిట్లోకి వచ్చి నిలబడింది మేనమామే.

అక్కడే పంచాయితీ మొదలైంది. ఇది గాలి సోకడమేనని, జైపూర్‌లో తాడు మంత్రించి కట్టే మనిషి ఉన్నాడని మేనమామ అన్నాడు. వయసు మీద పడిందని అమ్మ ఏడ్చింది. నేను లోపలికి వెళ్లి బాపు నుదుటి మీద చెయ్యి వేశాను. వేడిగా ఉంది. తొడుగు నాడా విప్పి చూశాను. మూత్రం టీ రంగులో మడ్డిగా, పొలుసులు తేలుతూ ఉంది. వాసన కొట్టింది. సంచి ఖాళీ చేసేటప్పుడు కూడా ముఖం తిప్పుకునేవాళ్లం కాబట్టి, అది ఎప్పటినుంచి అలా ఉందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

దవాఖానలో బాపు ఆ చిన్న వయసు డాక్టరమ్మను పట్టుకుని, కింద మనుషులెవరన్న ఉన్నరా అని అడిగాడు. ఆమె సెలైన్ సూది కోసం నరం వెతుకుతూనే, "లేరు కాకా, అందరు పైకొచ్చిండ్రు," అంది. ఆయన వెంటనే పడుకున్నాడు. మేము వారాల తరబడి ఇవ్వలేకపోయిన నెమ్మది అది.

పాత గొట్టం తీసి కొత్తది వేసి, అందులోంచి మూత్రం పరీక్షకు పంపారు. పెద్దవాళ్లకు మూత్రంలో ఇన్ఫెక్షన్ ముదిరితే ఒక్కోసారి జ్వరం కంటే ముందు మతే తప్పుతుందని డాక్టరమ్మ చెప్పింది. సంచి ఎక్కడ పెట్టేవారని అడిగింది. అమ్మ సమాధానంగా పూల తొడుగు తీసి చూపించింది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, కుట్టు బాగుందని మెచ్చుకుని, ఇక వాడొద్దని చెప్పింది.

పరీక్ష ఫలితం వచ్చాక సూది మందు మార్చారు. ఆ సందులోనే మేనమామ జైపూర్ తాడు తెచ్చి బాపు చేతికి కట్టాడు. బాపు తేరుకున్నాడు. చుట్టాలందరికీ తాడు సంగతే తెలిసింది. గొట్టం తీశాక ఆయన సొంతంగా మూత్రం పోసినప్పుడు నర్సు కొలిచి, శభాష్ అంది. పక్క మంచాల వాళ్లు కూడా సంతోషించారు. ఇన్నేళ్ల నౌకరీలో ఏ అధికారీ బాపును అంతగా మెచ్చుకోలేదు.

కప్పు సంగతి తాను అననే లేదని ఆయన ఇప్పటికీ వాదిస్తాడు. కానీ మనిషి మారాడు. చూడ్డానికి వచ్చిన పాత స్నేహితుల్లో ఒక్కొక్కరు, మిగతావాళ్లు వాకిట్లోకి వెళ్లేదాకా ఆగి, నాక్కూడా ధార సన్నగా వస్తోందని గుసగుసగా చెప్పేవారు. బాపు వాళ్లకు గట్టిగా, వాకిట్లో అందరూ వినేట్టు, ఆపుకోవద్దని, దవాఖానకు పొమ్మని చెప్పేవాడు. అమ్మ సిగ్గుతో లోపలికి పోయేది.

మొన్నీమధ్య రామకృష్ణాపూర్‌లో పెళ్లికి బయలుదేరుతుంటే, అమ్మ పొద్దున్నుంచి నీళ్లు ముట్టలేదు. ఫంక్షన్ హాలులో బాత్రూములు బాగుండవంది. కానీ మాటిమాటికీ పెరట్లోకి పోయి వస్తోంది. చీర మడతలు సర్దుకుంటున్న ఆమెను చూసి బాపు అడిగాడు.

"మంట పుడుతాందా?"

అమ్మ గోడ వైపు తిరిగింది. "చాన దినాల సంది."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు చెప్పినవా?"

పెళ్లి మానుకుని ఇద్దరూ దవాఖానకు పోయారు. మాత్రలు రాశారు. రెండో రోజుకే మంట తగ్గిందని అమ్మ ఆపేయబోయింది. అయిపోయేదాకా బాపు పూటపూటా గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. పెళ్లికి ఎందుకు రాలేదని చుట్టాలు ఫోన్ చేస్తే, ఆయనకు ఒంట్లో బాగాలేదని అమ్మ చెప్పింది. బాపు పక్కనే ఉన్నాడు. కాదనలేదు.