పుట్టింటికి వెళ్లిన నలుగురు

2023 జూలై 11, మంగళవారం, ఉదయం పదీ ఇరవైకి పిడుగురాళ్ల దగ్గర ఒక సబ్‌సెంటర్‌లో రిజిస్టర్లు తెరిచాను. ఆరోగ్య శాఖలో ముప్పై నాలుగేళ్లు చేసి సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాక నన్ను డేటా వెరిఫికేషన్ పనికి పిలిచారు. దేశమంతటి ఆరోగ్య లెక్కలు చేరే పోర్టల్‌లోని అంకెలు నమ్మదగినవేనా అని ఊళ్లలో చూసి రావడమే ఆ పని.

పద్ధతి సులువు. రిజిస్టర్‌లోని పేర్లు మనమే లెక్కపెట్టి, ఆ సంఖ్యను పోర్టల్‌లోని సంఖ్యతో భాగించాలి. దీన్ని వెరిఫికేషన్ ఫ్యాక్టర్ అంటారు. ఒకటి వస్తే రెండూ సమానం. అక్కడ నమోదైన గర్భిణులు 38, పోర్టల్‌లోనూ 38. కాన్పులు 27, పోర్టల్‌లోనూ 27. ఫారం నింపి సంతకం పెట్టాను.

అక్కడి ఏఎన్ఎం, అంటే ఊరి నర్సు, రాణి టీ తెప్పించింది. అది చల్లారేలోపు రిజిస్టర్‌ను అడ్డంగా కూడి చూశాను. కాన్పులు 27, గర్భస్రావం 1, ఇంకా నెలలు నిండాల్సినవారు 6. మొత్తం 34.

"మిగతా నలుగురు ఏరమ్మా?"

"పుట్టింటికెళ్లారు మేడం. ఏడో నెలొస్తే ఇక్కడెవరుంటారు? ఆళ్లు ఆ ఊరి లెక్కలోకొస్తారు."

"వస్తారా, వచ్చారా?"

రాణి రిజిస్టర్‌ను నా వైపు తిప్పింది.

ఒక పేరు కింద ఎర్ర సిరా గీత ఉంది. మస్తాన్‌బీ, తొలిచూలు. జూన్ 13న హెచ్‌బి, అంటే రక్తంలో హిమోగ్లోబిన్, 6.4. ఏడు కంటే తగ్గితే ఆసుపత్రిలో చేర్చాలి. పక్కన "జూన్ 15న పుట్టింటికి" అని రాసి ఉంది.

"ఆసుపత్రికి రాసిచ్చా మేడం. అక్కడికెళ్లాక చూపిచ్చుకుంటామన్నారు."

పుట్టిల్లు రొంపిచెర్ల మండలంలో. ఆ ఊరి ఏఎన్ఎంకు ఫోన్ చేయించాను.

"ఆమె మా కేసు కాదు మేడం, అత్తగారూరి కేసు. నేనూ పోర్టల్‌లో ఎక్కిస్తే డబుల్ ఎంట్రీ అవుద్ది. పోయిన మీటింగులో దానికే చానా తిట్లు తిన్నా."

మర్నాడు ఉదయాన్నే రాణీ నేనూ ఆ ఊరు వెళ్లాం. మస్తాన్‌బీ మంచం మీద పడుకుని ఉంది. గోళ్లు సున్నం రాసినట్టు తెల్లగా ఉన్నాయి.

"తొలిచూలు పిల్లకి ఆయాసం కాకపోతే ఏముంటదమ్మా?" అంది తల్లి ఖాసింబీ. "మీ నర్సమ్మ పక్కింటి దాకా వచ్చి పోయింది. మా గడప తొక్కలా."

"బండి ఆగి ఉంది. పిల్లని లేపు."

"ఏందమ్మా, బట్టలన్నా సర్దుకోనియ్యరా?"

"బట్టలు తర్వాత పంపిద్దువు గానీ, ముందు ఎక్కించు."

నరసరావుపేట ఆసుపత్రిలో చేర్చేసరికి హెచ్‌బి 5.1. రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. 14వ తేదీన, నెలలు నిండకుండానే కాన్పయింది.

సంతకం పెట్టిన ఫారం కొట్టేసి మళ్లీ రాశాను. ఫ్యాక్టర్ ఒకటి వచ్చిందంటే రెండు పుస్తకాలూ ఒకే మాట చెబుతున్నాయని అర్థం. మనిషి ఎక్కడ ఉందో ఆ ఒకటి చెప్పదు. రెండుసార్లు రాయకూడదన్న జాగ్రత్తలో రెండు ఊళ్లూ ఆ పిల్లను వదిలేశాయి. అంకెలు మాత్రం ఎక్కడా తప్పలేదు. ఆ తర్వాత ఏ సబ్‌సెంటర్‌లోనైనా అడ్డం కూడిక తేలాకే కలం తీశాను.

మిగతా ముగ్గురినీ ఫోన్లలో వెతికి పట్టుకున్నాం, క్షేమంగా ఉన్నారు. మస్తాన్‌బీ బతికింది. పోయినవి: పుట్టింట్లో ఎవరూ చూడని ఇరవై ఏడు రోజులు, ఒక ఆడపిల్ల. బరువు కిలో ఆరు వందల గ్రాములు. బతికింది పదకొండు గంటలు.