సంగటి తిన్న మిషను

మా ఇంటాయన దేవప్ప తొంభై ఐదులో ధర్మవరం బస్టాండు పక్కన ఎస్టీడీ బూతు పెట్టినాడు. జనం వరస కట్టేవాళ్లు. ఆనెక అందరి జేబుల్లోకీ సెల్లులొచ్చె, బూతు ఈగలు తోలుకునే కాడికొచ్చె. ఇంగొకరైతే కిరాణా కొట్టు పెట్టుకుందురు. ఈ మహానుభావుడు రెండువేల ఏడులో పాత కంప్యూటరొకటి తెచ్చి, దాన్నే ఫోను ఎక్స్‌చేంజి చేస్తానని కూసున్నాడు. దానికి సాఫ్ట్‌వేరు ఊరికే దొరుకుతుందంట, ఎవరైనా విప్పి మార్చుకోవచ్చంట.

అదంతా నేతపనోళ్ల కోసం. పట్టు నూలు ఆ పొద్దు యా ఊర్లో ఎంత పలుకుతాందో ఆ మిషను ఫోన్లో చెప్పల్ల. మగ్గం గుంతలో కూసుంటే చేతులూ కాళ్లూ ఖాళీ ఉండవు, నంబర్లు నొక్కేదెట్ల? అందుకని నోటితో ఊరి పేరు చెబితే మిషను అర్థం చేసుకోవల్లని పట్టుబట్టినాడు. హిందూపురం, పెనుకొండ తిరిగి, కనపడినోళ్లందరి చేతా ఊర్ల పేర్లు పలికించి, రికార్డు చేసుకొచ్చి దానికి నేర్పించినాడు. కట్టుకున్నదాన్ని మాత్రం ఒక్క పూట పలకరించిన పాపాన పోలేదు.

నేతగాళ్ల సంఘం పెద్ద ఆదెప్ప తేల్చి చెప్పినాడు. మిషను పనిచేస్తే సంఘం నెలనెలా జీతమిస్తాది, లేదంటే లేదు. లేదంటే ఈయన బెంగళూరికి పోయి వాచ్‌మన్‌గా చేరాల్సిందే.

మొదటి పరీక్ష రోజు ఆదెప్ప మగ్గంలో నుంచే, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "ఏమప్పా దేవప్పా, బాగుండావా? సంగటి తిన్నావా?" అన్నాడు. మిషను "హలో" అనేది మా ఆయన రికార్డు చేసి పెట్టిన గొంతుతోనే కదా. మిషను "అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అనె. ఆదెప్ప మళ్లీ అదే అడిగె. ఆఖరికి విసుగొచ్చి ఫోను పెట్టేసి, సోమారం దాకా చూస్తానని కబురంపినాడు.

"ఊరి పేరు మాత్రమే చెప్పమని బోర్డు రాసి పెడతా" అన్నాడు ఈయన.

నాకు ఒళ్లు మండింది. "మంచీ చెడ్డా అడక్కుండా ఎవరైనా రేటు అడుగుతారా? ముందు దాన్ని బదులు చెప్పనీ, ఆనెక ఊరి పేరు అడగనీ" అన్యా.

"మిషను సంగటి తిన్నా అని చెప్పల్నా?"

"చెబితే దాని నోరేమన్నా అరిగిపోతాదా?"

గొణుక్కుంటానే మార్చినాడు. ఇంగ మొదట ఎవరేమన్నా మిషను దాని జోలికి పోదు. "బాగుండా, తిన్నా. యా ఊరి రేటు కావల్ల?" అంటాది. ఆ తర్వాత వచ్చే మాటనే చెవి పెట్టి వింటాది.

సోమారం మధ్యాన్నం నేను బూతుకు పోతే, పొద్దున పంపిన క్యారియరు మూత కూడా తీయకుండా అట్లే ఉండాది. అప్పుడే ఫోను మోగింది. స్పీకర్లో ఆదెప్ప గొంతు.

"ఏమప్పా, తిన్నావా?"

"బాగుండా, తిన్నా. యా ఊరి రేటు కావల్ల?"

"హిందూపురం."

మిషను రేటు చెప్పేసింది. ఆదెప్ప "సరేప్పా, ఉంటా" అని మిషనుకే చెప్పి పెట్టేసినాడు. కాసేపటికి మా ఆయన సెల్లుకు చేసి, ఒకటో తేదీ నుంచి జీతం అన్నాడు.

నాకు కండ్లనీళ్లు ఆగలా. "తిన్నానని ఊరంతా అబద్ధం చెప్పుకుంటాండావు, ముందు తిను" అని క్యారియరు విప్పి పెట్టినా.

సంగటి ముద్ద చేతిలోకి తీసుకుని, నా పక్క చూసి, "నువ్వు తిన్నావా గౌరీ?" అన్నాడు. ఎన్నాళ్లకు అడిగినాడో.

"తిన్లా" అన్యా.

ముద్ద విరిచి సగం నా చేతిలో పెట్టినాడు.